కౌన్సెలర్‌ని వేసే ముందు ఆ ఉద్యోగం ఏమిటో రాయండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖల ఉన్నతాధికారులకు,



2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీ బల్లల మీదికి వచ్చే ఉంటుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన అప్పీలు అది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించి ఊరుకోలేదు. దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా వాటినే చట్టంగా పాటించాలంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతిచోటా పిల్లలతో పనిచేయడంలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరుండాలి. అంతకన్నా చిన్న బడులు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. కులం, వర్గం, లింగం, వైకల్యం, మతం వంటివాటి పేరుతో జరిగే వేధింపులు, ర్యాగింగు గురించి పిల్లలు గుట్టుగా చెప్పుకునే ఏర్పాటు ఉండాలి. చెప్పినవాళ్ల మీద ఎవరూ కక్ష కట్టకుండా చూడాలి.

బావుంది. అయితే ఈ తీర్పు ఆధారంగా ఇప్పటికి వచ్చినవీ ఇకమీదట రాబోయేవీ అయిన ఉత్తర్వుల్లో ‘ప్రతి పాఠశాలకూ ఒక కౌన్సెలర్’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు. అది ఇప్పటికే జరుగుతోంది.

ప్రైవేటు బడుల్లో ‘కౌన్సెలింగ్ రూమ్’ అని బోర్డున్న గదులు చాలానే చూశాను. ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి సైకాలజీలో ఎమ్మే చేసి ఉంటుంది. పొద్దున అడ్మిషన్లకు వచ్చిన తల్లిదండ్రులకు స్కూలు తిప్పి చూపిస్తుంది. మధ్యాహ్నం సెలవు పెట్టిన టీచరు క్లాసు చూసుకుంటుంది. సాయంత్రం పదో తరగతి వాళ్లకు పరీక్షల ఒత్తిడి మీద పవర్‌పాయింట్ వేస్తుంది. మధ్యలో ‘బిహేవియర్ బాలేదు’ అంటూ ఎవరినైనా పంపితే అరగంట మాట్లాడి, రిజిస్టర్లో రాసి, ప్రిన్సిపాల్ సంతకం తీసుకుంటుంది. ప్రభుత్వ బడిలో ఆ గది కూడా లేదు. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన స్కూల్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కార్యక్రమం ప్రకారం బడికి ఇద్దరు టీచర్లు ‘వెల్‌నెస్ అంబాసిడర్లు’. మధ్యాహ్న భోజనం ఫొటోలు యాప్‌లో ఎక్కించేదీ వాళ్లే, ఓటర్ల జాబితా పట్టుకుని వీధులు తిరిగేదీ వాళ్లే.

నేను పిల్లల సైకాలజిస్టుని. బడుల్లో తోటిపిల్లల చేతిలో నలిగే పిల్లలు నా దగ్గరికి వస్తారు. అంటే, కడుపునొప్పి అనో, చదువులో వెనకబడ్డాడనో, మొండికేస్తున్నాడనో తీసుకొస్తారు. అసలు సంగతి మూడో నాలుగో కలయికలో బయటపడుతుంది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: బుల్లీయింగ్‌ని దెబ్బతిన్న పిల్లాడి మనసులో ఉన్న జబ్బుగా చూసి, ఆ ఒక్కణ్నీ గదిలోకి పిలిచి బాగుచేయమని మాకు అప్పగించకండి. మా పని ఆ గదిలో పావువంతే. మిగతా ముప్పావూ క్లాసులో, డార్మిటరీలో, స్టాఫ్‌రూమ్‌లో ఉంది. ఉద్యోగ వివరాల్లో ఆ ముప్పావు రాసి లేకపోతే మమ్మల్ని వేసినా వేయనట్టే.

ఎందుకంటున్నానో ఒక గురుకులంలో చూసిన దాంతో చెబుతాను. ఊరు చెప్పను, పిల్లాడి వివరాలూ కొంత మార్చాను. ఏడో తరగతి. ప్రతి ఆదివారం సాయంత్రం, చూడ్డానికొచ్చిన తల్లిదండ్రులు బస్సెక్కి వెళ్లిపోయాక, వాడికి కడుపునొప్పి. ఏరియా ఆస్పత్రిలో స్కానింగ్ తీశారు, ఏమీ లేదన్నారు. ఇంటికి పంపేయమని ఏడుస్తున్నాడు, ‘కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి మేడమ్’ అని నన్ను పిలిచారు. వాలీబాల్ నెట్లు, విరిగిన క్యారమ్ బోర్డులు ఉన్న గదిలో రెండు కుర్చీలు వేశారు. ఏమడిగినా ‘ఏం లేదు మేడమ్’ అన్నాడు. నేను పట్టుబట్టలేదు.

మధ్యాహ్నం పిల్లలతోపాటే తిన్నాను. కంచాలు కడిగే తొట్టి దగ్గర ఎనిమిది కుళాయిల్లో మూడే పనిచేస్తున్నాయి. బారుగా వరస. అందరి చేతుల్లోనూ ఒక్కో కంచం, వీడి చేతుల్లో మాత్రం ఐదు. సాంబారు జిడ్డు పోయేలా అంచు వెంట బొటనవేలితో రుద్దుతున్నాడు. గోడకి ఆనుకుని నలుగురు తొమ్మిదో తరగతి అబ్బాయిలు మాట్లాడుకుంటున్నారు, వీడివైపు చూడను కూడా చూడటం లేదు. వరసలో ముందున్న ఇద్దరు పక్కకి తప్పుకుని వీడికి దారిచ్చారు. ఆలస్యమైతే వీడికేమవుతుందో వాళ్లకు తెలుసు. ఈలోపు అటుగా పోతున్న పీఈటీ సారు నవ్వుతూ, ‘ఏరా, ఇవాళ కూడా డ్యూటీ నీదేనా?’ అని వెళ్లిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లలకు ఇష్టమైన సారు.

తర్వాత తెలిసింది కంచాలు చిన్న విషయమని. వీడికి నత్తి. రాత్రి లైట్లార్పాక, వార్డెన్ ఒక చుట్టు తిరిగి వెళ్లాక, ఆ నలుగురూ వాడి ఊరి పేరు చెప్పమంటారు. మొదటి అక్షరం దగ్గర ఆగిపోతాడు. డార్మిటరీ అంతా నవ్వుతుంది. మళ్లీ చెప్పమంటారు.

ఇప్పుడు చెప్పండి, క్యారమ్ బోర్డుల గదిలో నేను వాడికి ధైర్యం నూరిపోస్తే ఏమిటి ప్రయోజనం? దీర్ఘశ్వాస తీసుకోవడం నేర్పితే? రాత్రికి వాడు పడుకోవాల్సింది ఆ నలుగురున్న డార్మిటరీలోనే.

ఈ విషయం మీద లోకంలో జరిగిన పని తక్కువేమీ కాదు. 1982 చివర్లో ఉత్తర నార్వేలో ముగ్గురు మగపిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తోటిపిల్లల వేధింపులే కారణమని దేశమంతా కలవరపడింది. మరుసటేడు ప్రభుత్వమే జాతీయ స్థాయి కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికే ఈ అంశం మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్, బెర్గెన్ నగరంలో 42 బడుల్లో సుమారు 2,500 మంది పిల్లల్ని గమనిస్తూ ఆ కార్యక్రమాన్ని నడిపాడు. కావాలని చేయడం, పదేపదే చేయడం, ఎదిరించే బలం అవతలివాడికి లేకపోవడం అనే మూడు లక్షణాలతో ఈ రోజు అందరూ వాడే నిర్వచనం ఆయనదే. ఆయన చేసిన మందు చూడండి: పెద్దల నిఘా ఎక్కడ లేదో అక్కడ పెంచడం, ప్రతి తరగతికీ పిల్లలతో కలిసి నియమాలు పెట్టుకోవడం, వారం వారం తరగతి సమావేశం, ఆ పైన ఏడిపించే పిల్లలతోనూ వాళ్ల తల్లిదండ్రులతోనూ విడివిడిగా మాట్లాడటం. అక్కడ వేధింపులు దాదాపు సగానికి తగ్గాయని ఆయన లెక్క. తర్వాత వేర్వేరు దేశాల కార్యక్రమాలన్నిటినీ కలిపి 2011లో టోఫి, ఫారింగ్టన్ అనే పరిశోధకులు చూస్తే తగ్గుదల ఐదోవంతు దగ్గర తేలింది. ఐదోవంతంటే చిన్నదిగా కనిపించవచ్చు. ఒక డార్మిటరీలో పదిమంది నలుగుతుంటే ఇద్దరికి రాత్రి నిద్రపట్టడం అది.

ఫిన్లండ్‌లో పరిశోధకురాలు క్రిస్టినా సాల్మివల్లి 1996లో ఇంకో మాట పట్టుకుంది. ఏడిపించేవాడు, ఏడ్చేవాడు అని ఇద్దరే ఉండరు. పక్కన సాయం పట్టేవాళ్లు, నవ్వి ఎగదోసేవాళ్లు, చూసీ చూడనట్టు తప్పుకునేవాళ్లు, అడ్డుపడేవాళ్లు ఉంటారు. నేను చూసిన కుళాయిల దగ్గర ఈ పాత్రలన్నీ ఉన్నాయి, అడ్డుపడేవాడు తప్ప. ఎగదోసే పాత్ర తెలియకుండానే పీఈటీ సారుది. ఆ పరిశోధన మీద టుర్కు విశ్వవిద్యాలయం కట్టిన ‘కీవా’ కార్యక్రమం గురి అంతా చూస్తూ నిలబడే పిల్లల మీదే. ఏడిపించేవాడికి కావాల్సింది నవ్వే జనం కాబట్టి, నవ్వు ఆగితే వాడి సరదా సగం చచ్చిపోతుంది.

నార్వే, ఫిన్లండ్ మనకెందుకంటారా? మన దేశం మాటే చెబుతాను, బిహార్ మాట. నలందా జిల్లాలో డెబ్బై పైచిలుకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్ని మూడు గుంపులు చేసి ‘సెహర్’ అనే కార్యక్రమాన్ని పరీక్షించారు. ఒక గుంపులో దాన్ని నడిపింది బడి టీచరు. రెండో గుంపులో అదే కార్యక్రమాన్ని నడిపింది బయటినుంచి వేసిన, శిక్షణ ఇచ్చిన మామూలు కౌన్సెలర్. వాళ్లు సైకియాట్రిస్టులు కారు, క్లినికల్ సైకాలజిస్టులూ కారు. గోడపత్రిక, పిల్లలు చీటీలు వేసే ఉత్తరాల పెట్టె, పిల్లల బృందాలు, అవసరమైనవాళ్లతో విడిగా మాట్లాడటం, ఇదే పని. ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కౌన్సెలర్ ఉన్న బడుల్లో బుల్లీయింగ్, కొట్లాటలు, కుంగుబాటు తగ్గాయి, బడి వాతావరణమే మెరుగుపడింది. టీచర్లు నడిపిన బడులకూ మామూలుగా నడిచిన బడులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగమని మనవి. ఇది టీచర్లని తప్పుపట్టడం కాదు. మార్కులు వేసే మనిషి దగ్గర, చెయ్యి చాపమని బెత్తం ఎత్తగల మనిషి దగ్గర పిల్లాడు లోపలి సంగతి విప్పడు. పైగా నలభై ఐదు నిమిషాల పీరియడ్లు ఆరు చెప్పాక ఏ మనిషికైనా వినే ఓపిక ఎక్కడుంటుంది? అందుకే ‘ఉన్న టీచర్లలోనే ఒకరికి అదనపు బాధ్యత’ అన్న దారి మీ ఆర్థిక శాఖ ఎంత ముచ్చటగా చూపించినా దయచేసి ఒప్పుకోకండి. డబ్బు ఆదా అవుతుంది, పని జరగదు.

గదిలో జరిగే పావువంతు పని తక్కువదని నా ఉద్దేశం కాదు. ఏళ్ల తరబడి ఏడిపించబడ్డ పిల్లాడు చివరికి ఏడిపించేవాళ్ల మాటే నమ్మేస్తాడు. ‘నాలోనే ఏదో ఉంది, అందుకే నా జోలికొస్తారు’ అనే ఆలోచన పాతుకుపోతుంది. బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లల్ని యాభయ్యేళ్లదాకా గమనించిన పరిశోధన ఒకటుంది. ఏడేళ్లప్పుడు, పదకొండేళ్లప్పుడు తోటివాళ్ల చేతిలో నలిగినవాళ్లలో కుంగుబాటు, ఆందోళన నడివయసులోనూ మిగతావాళ్లకన్నా ఎక్కువగా కనిపించాయి. ఇది 2014లో వచ్చిన సంగతి. మన ఇళ్లలో ‘పిల్లలన్నాక కొట్టుకుంటారు, పెద్దయితే వాళ్లే మర్చిపోతారు’ అంటాం కదా. మర్చిపోరు.

అందుకని థెరపిస్టు మొదట చేసేది, నమ్మడం. ‘నువ్వేం చేశావ్?’ అని అడక్కపోవడం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఎవరు చూశారు అనేది తేదీలతో సహా రాసుకోవడం. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటాడు, బస్సులో ఎవరి పక్కన కూర్చుంటాడు, ఏదైనా అయితే ఏ పెద్దమనిషి దగ్గరికి పరిగెడతాడు అనేది పిల్లాడితో కలిసి తేల్చడం. ఆ తర్వాతే, వాడి తలలో నాటుకున్న ఆ నింద ఎక్కడినుంచి వచ్చిందో విప్పి చూపించడం, జవాబు చెప్పే తీరు నటించి నేర్పడం, ఒక్క స్నేహితుణ్ని కుదర్చడం. ఒక్కడు చాలు. ‘నువ్వూ ఒకటి పీకు, సరిపోతుంది’ అనే నాన్నల సలహా మాత్రం పనిచేయదు. బలం సమానంగా ఉంటే అసలు ఈ బాధే ఉండేది కాదుగా.

ఏడిపించే పిల్లాడి సంగతి. ఇక్కడే మన బడులు రెండు వైపులా తప్పుతాయి. ఒకటి, టీసీ చేతికిచ్చి పంపేయడం. అప్పుడు ఆ పిల్లాడు పక్క మండలం బడిలో అదే పని మొదలెడతాడు. రెండోది, రాజీ. హెచ్చెమ్ గారు ఇద్దర్నీ ఆఫీసు గదిలో నిలబెట్టి, ‘ఇద్దరూ సారీ చెప్పుకోండి, చేతులు కలపండి’ అంటారు. సమానుల మధ్య తగువుకైతే అది మంచి పద్ధతే. ఇక్కడ ఒకడికి బలముంది, ఇంకొకడికి లేదు. చెప్పినందుకు రాత్రి లెక్క వేరే ఉంటుందని ఆ చెయ్యి కలిపినప్పుడే బలహీనుడికి అర్థమవుతుంది. తగువులు తీర్చే పెద్దరికం మన రక్తంలో ఉంది, కాదనను. ఈ విషయంలో మాత్రం ఆ పెద్దరికం దెబ్బతిన్నవాణ్నే మళ్లీ కొడుతుంది.

స్వీడన్‌కు చెందిన మనస్తత్వవేత్త అనాటోల్ పీకాస్ ఇంకో దారి చూపించాడు. గుంపులో ఒక్కొక్కరినీ విడివిడిగా పిలవాలి. నేరం మోపకుండా, ‘వాడు చాలా ఇబ్బంది పడుతున్నాడు, నువ్వేమనుకుంటున్నావ్? నీవంతుగా ఏం చేయగలవ్?’ అని అడగాలి. వారం తర్వాత ఏం చేశావని మళ్లీ అడగాలి. వినడానికి మెత్తగా ఉంటుంది. చేసి చూడండి, గుంపులో పులిలా తిరిగే పిల్లాడు ఒంటరిగా కూర్చుంటే ఎంత చిన్నగా ఉంటాడో. నలుగురినీ కలిపి ‘గ్రూప్ కౌన్సెలింగ్’ పెట్టడం మాత్రం వద్దు. దారితప్పిన పిల్లల్ని ఒకచోట చేర్చి బాగుచేయబోతే వాళ్లు ఒకరికొకరు చప్పట్లు కొట్టుకుని ఇంకా ముదిరిన సందర్భాలున్నాయని డిషియన్ అనే పరిశోధకుడి బృందం 1999లోనే హెచ్చరించింది.

గురుకులంలో ఆ నలుగురితో విడిగానే మాట్లాడాను. అందరికన్నా గట్టిగా ఉన్నవాడు చాలాసేపు కాళ్లవైపు చూస్తూ కూర్చుని, ‘ఐదులో చేరినప్పుడు నేనూ కడిగాను మేడమ్. ఎవరూ అడగలేదు’ అన్నాడు. అది వాడికి క్షమాభిక్ష కాదు, మినహాయింపూ కాదు. చేసిందానికి వాడు బాధ్యత వహించాల్సిందే, కంచాల దగ్గరా డార్మిటరీలోనూ సరిదిద్దాల్సిందే. కానీ ఆ మాట వినకపోతే రెండేళ్లకి ఈ నత్తి పిల్లాడి ముందు ఐదు కంచాలతో ఎవరు నిలబడతారో నాకు అర్థమయ్యేది కాదు. దెబ్బ తిని, తర్వాత దెబ్బ కొట్టే పిల్లలే పెద్దయ్యాక అందరికన్నా ఎక్కువ మానసిక బాధలు పడతారని అమెరికాలో చాలా ఏళ్లు సాగి 2013లో వెలువడిన ఒక పరిశోధన చెబుతోంది.

ఇక గది బయటి ముప్పావు, బడి మొత్తంతో చేసే పని. అందులో నాకు ఇష్టమైనది పటం. పిల్లలందరికీ ఓ తెల్లకాగితం ఇచ్చి, పేరు రాయొద్దని చెప్పి, బడి పటం గీయమంటాం. భయం వేసే చోట ఎర్ర చుక్క పెట్టమంటాం. కాగితాలన్నీ ఒకదాని పక్కన ఒకటి పరిస్తే చుక్కలు గుంపులు కడతాయి. ఏ బడిలోనైనా దాదాపు అవే చోట్లు: మరుగుదొడ్ల వెనక, మెట్ల మలుపు, బస్సు చివరి సీటు, కుళాయిలు, లైట్లార్పిన తర్వాత డార్మిటరీ. సీసీ కెమెరాలు మాత్రం గేటు దగ్గరా ఆఫీసు ముందరా ఉంటాయి. ఆ గురుకులంలో ఈ కాగితాలు చూశాకే ప్రిన్సిపాల్ గారు రాత్రి భోజనం దగ్గర్నుంచి నిద్రపోయేదాకా ఒక టీచర్ డ్యూటీ వేశారు, మిగతా కుళాయిలు బాగుచేయించారు. కుళాయిలు బాగుచేయించడం మానసిక వైద్యంలో ఏ పుస్తకంలోనూ ఉండదు. వరస పొడుగు తగ్గితే కంచాలు అప్పగించే అవకాశమూ తగ్గింది. క్లాసులో జరిగిన సమావేశాల తర్వాత, ఆ దారిచ్చిన ఇద్దరే ‘కంచాలు మేమూ నువ్వూ కలిసి కడుక్కుందాం’ అని వాడి పక్కన నిలబడటం మొదలుపెట్టారు. అన్నీ సర్దుకున్నాయని చెప్పను. వాడికి పెట్టిన వెక్కిరింత పేరు నేను చివరిసారి వెళ్లినప్పుడు కూడా వినపడింది. రాత్రి ఆట మాత్రం ఆగింది.

స్టాఫ్‌రూమ్ పని ఇంకా కష్టం. ‘ఒరేయ్ బొండం’, ‘ఏయ్ నల్లదానా’, ‘మొద్దుబ్బాయ్’ అని క్లాసులో మొదట పిలిచేది చాలాసార్లు టీచరే. ప్రేమగానే పిలుస్తారు. ఆ పేరు పిల్లలకి లైసెన్సు అవుతుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దండననూ మానసిక వేధింపునూ నిషేధించి పదిహేనేళ్లు దాటింది, బెత్తం మాత్రం ఇంకా బల్ల సొరుగులో ఉంది. పెద్దవాడు చిన్నవాణ్ని కొట్టొచ్చని రోజూ కళ్లముందు చూపిస్తూ, మీరు మాత్రం కొట్టుకోవద్దని ఎలా చెబుతాం? కార్పొరేట్ బడుల్లో మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీసి, చివరి సెక్షన్ పిల్లల్ని ఏ పేరుతో పిలుచుకుంటారో అందరికీ తెలుసు. ఆ అవమానం యాజమాన్యమే చేసిపెట్టింది. సుప్రీంకోర్టు అదే తీర్పులో మార్కుల్ని బట్టి బ్యాచులు చేయొద్దని కూడా అంది. తీర్పు అమలు అంటే అదీ అమలు కావాలి కదా.

ఇంకొకటి, నాకు కోపం తెప్పించేది. కులం పేరుతో జరిగిన వేధింపుని ‘ఆత్మవిశ్వాసం పెంచండి’ అంటూ మా దగ్గరికి పంపడం. స్కాలర్‌షిప్ లిస్టు క్లాసులో గట్టిగా చదివితే, ఎవరు ఏమిటో తెలిశాక నీళ్ల సీసా తాకనివ్వకపోతే, అది ఆ పిల్లకి ఆత్మవిశ్వాసం లేక వచ్చిన ఇబ్బంది కాదు. అది నేరం కావచ్చు, దానికి చట్టముంది. థెరపిస్టు ఆ పిల్ల పక్కన నిలబడాలి, జరిగింది జరిగినట్టు రాయాలి, అవసరమైతే సాక్ష్యం చెప్పాలి. చట్టం చేయాల్సిన పనిని కౌన్సెలింగ్‌తో కప్పెట్టేయకూడదు. ఈ మాట ఉత్తర్వులో స్పష్టంగా ఉండాలి, లేకపోతే స్థానిక ఒత్తిడికి ఏ చిన్న ఉద్యోగి నిలబడగలడు?

ఫోన్ల సంగతి ఎక్కువ చెప్పను. ఇన్‌స్టాగ్రామ్ గుంపులో ఒక పిల్ల ఫొటో మీద కామెంట్లు రాత్రి పదకొండుకి మొదలవుతాయి. బడి గేటు బయట జరిగింది కదా అని బడి చేతులు దులుపుకుంటుంది. చూసినవాళ్లూ నవ్వినవాళ్లూ పొద్దున్నే అదే క్లాసులో కూర్చుంటారు.

గుట్టు గురించి ఒక మాట. ఫిర్యాదుల పెట్టె తాళంచెవి హెచ్చెమ్ గది కొక్కేనికి వేలాడుతూ ఉంటే అందులో చీటీ ఎవరు వేస్తారు? పెట్టె తాళం కౌన్సెలర్ దగ్గర ఉండాలి. పిల్లలు చెప్పింది కౌన్సెలర్ దగ్గరే ఉండాలి. అయితే ‘ఎవరికీ చెప్పను’ అని మేం ఒట్టు వేయకూడదు. లైంగిక వేధింపు అయితే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద తెలియజేసి తీరాలి. ప్రాణం మీదికి వచ్చే సూచన ఉంటే ఇంట్లోవాళ్లకి చెప్పి తీరాలి. ఈ హద్దు మొదటిరోజే పిల్లాడికి వాడి భాషలో చెప్పాలి. 14416 టెలి మానస్ వంటి హెల్ప్‌లైన్ నంబర్లు గోడమీద రాయమని కోర్టు చెప్పింది, రాస్తారు. హాస్టల్లో ఆ నంబరుకి చేయడానికి ఫోను ఎక్కడుంటుంది? వార్డెన్ గదిలోనే అయితే ఆ నంబరు గోడకు అలంకారం.

మనుషులు ఎక్కడ దొరుకుతారని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ప్రతి బడికీ క్లినికల్ సైకాలజిస్టుని తేలేం, తేనక్కర్లేదని నలందా చూపించింది. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల నుంచీ ఇతర కాలేజీల నుంచీ ఏటా సైకాలజీ, సోషల్ వర్క్ పీజీలు చేసి బయటికొస్తున్న పిల్లలు హెచ్ఆర్ ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. వాళ్లని తీసుకోండి. మూడు నెలలైనా బడుల్లోనే శిక్షణ ఇవ్వండి. వాళ్ల పైన జిల్లాకొక అనుభవజ్ఞుణ్ని పెట్టి, కష్టమైన కేసులు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు దగ్గరికీ, అక్కణ్నుంచి అవసరమైతే విశాఖ మానసిక వైద్యశాలకీ హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రికీ వెళ్లే దారి ముందే వేయండి. నెలకోసారి ఈ కుర్రకౌన్సెలర్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టి కేసులు చర్చించండి. ఒంటరిగా వదిలేస్తే ఆరు నెలల్లో వాళ్లే కుంగిపోతారు, లేదా అడ్మిషన్ల పనిలో పడిపోతారు. జీతం కాంట్రాక్టు లెక్కన పదినెలలకోసారి ఆగకూడదు. పిల్లాడు నోరు విప్పేసరికే ఒక టర్మ్ గడుస్తుంది, ఆపాటికి మనిషి మారిపోతే మళ్లీ మొదటికే.

మొదట అన్ని బడుల్లోనూ మొదలుపెట్టలేకపోతే గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, గిరిజన ఆశ్రమ పాఠశాలలతో మొదలుపెట్టండి. అక్కడి పిల్లలకు సాయంత్రం ఇంటికెళ్లి తలుపేసుకునే వీలు కూడా లేదు. తర్వాత ప్రైవేటు హాస్టళ్లు. ఆంధ్రలో శనివారం నో బ్యాగ్ డే ఎలాగూ ఉంది, తరగతి సమావేశానికి అందులో ఒక గంట కేటాయించడానికి కొత్తగా ఖర్చేమీ లేదు. మెగా పేరెంట్ టీచర్ మీటింగులో ముగ్గుల పోటీ ఉంచండి, అందులోనే ఓ అరగంట ఈ మాటకూ ఇవ్వండి.

ఇక ఉత్తర్వులో రాయమని అడిగేవి. కౌన్సెలర్‌కి బోధన, అడ్మిషన్లు, ఇన్విజిలేషన్ డ్యూటీలు వేయకూడదు. వారంలో సగం సమయమైనా గది బయట, తరగతులతోనూ టీచర్లతోనూ గడపాలి. తనిఖీకి వచ్చిన అధికారి ‘ఎంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చావ్?’ అని మాత్రమే అడగకూడదు. పిల్లల చేత పేరు లేకుండా నింపించే ప్రశ్నపత్రం ఏడాదికి రెండుసార్లు పెట్టి, ఎక్కడ భయం తగ్గింది, ఎక్కడ పెరిగింది అనేది చూడాలి. కేసులు ఎక్కువ బయటపడిన బడిని శిక్షించకూడదు. మొదటి ఏడాది ఫిర్యాదులు పెరిగితే అది మంచి గుర్తు, పిల్లలు నమ్మారని అర్థం. ఒక్క ఫిర్యాదూ లేని బడికి మొదట వెళ్లి చూడండి.

వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచేలోపు ముసాయిదా తెలుగులో వెబ్‌సైట్లో పెట్టండి. టీచర్ల సంఘాలు, తల్లిదండ్రులు, మా వృత్తివాళ్లు చెప్పేది ఎలాగూ వింటారు. హాస్టల్ పిల్లల్ని కూడా అడగండి. అడిగేటప్పుడు వార్డెన్‌ని గదిలో ఉంచకండి.

ఇట్లు,
బడుల్లో పనిచేసే ఒక పిల్లల సైకాలజిస్టు